ఓడిన సేనలో కొలువు

జపానుదేశపు కొండయూళ్లలో వేడినీటి బుగ్గల నానుకొని వెలసిన సత్రములందు, 1960 తరువాత సుమారు మూడు దశాబ్దులపాటు, ఏటేట ఒక విధమైన సమావేశము జరుగుచుండెడిది. నడివయసు దాటిన పురుషులు, ఒకడు బ్యాంకు గుమాస్తా, ఒకడు వరి పండించు రైతు, ఒకడు చిన్న కర్మాగారపు యజమాని, భార్యాబిడ్డల నింటనే విడిచి, రైళ్లెక్కి వచ్చి, ఒక రాత్రి అచట కలసికొనెడివారు. చాపలు పరచిన పొడుగాటి గదిలో బారులు దీరి కూర్చుండి మొదట మృతుల పేర్లు చదువుకొందురు. బర్మాలోనో న్యూగినీలోనో పోరిన సేనల విషయమున ఆ పట్టిక వచ్చినవారి పట్టికకంటె మిక్కిలి దీర్ఘముగా నుండెడిది. కొంతసేపు మౌనము పాటించిన పిమ్మట సాకే యను బియ్యపు సారాయి వడ్డింపబడును. రెండు మూడు గిన్నెలు గొంతు దిగిన తరువాత ఎవడో ఒకడు పాత కవాతు పాట నెత్తుకొనును, తక్కినవా రందుకొందురు. సెన్యూకాయి యనబడు ఈ సహయోధ సంఘములు దేశమంతట వేలకొలదిగా వెలసినవి. ఒకే కంపెనీలోనో, ఒకే రెజిమెంటులోనో, ఒకే యుద్ధనౌకపైనో కొలువు చేసినవా రేర్పరచుకొన్నవి కనుక వీనిలో పరుల కెవ్వరికిని ప్రవేశము లేదు. తకహషి సబురో యను సమాజశాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి ఈ ఆచారమును పరిశోధించి 1983లో ఒక గ్రంథమును ప్రకటించెను.

గెలిచిన సేనలో పనిచేసినవాడు తన కొలువును గూర్చి పెద్దగా ఆలోచింప నక్కరలేదు. ఆ పని ఆతని దేశమే చేసిపెట్టును, విగ్రహములు నిలుపును, ఉత్సవములు జరుపును, పాఠ్యపుస్తకములలో నాలుగు పుటలు కేటాయించును. ఓడుట మాత్రమే కాక, తాను ఏ లక్ష్యముకొరకు తుపాకి పట్టెనో ఆ లక్ష్యమే లోకము నెదుట దోషిగా నిలువబడినప్పుడు, ఆ సైనికుని యౌవనము ఏ ఖాతాలో వ్రాసికొనవలెనో చెప్పువా డుండడు. జపాను మాజీ సైనికులలో అత్యధికులు ఈ చిక్కును విప్పుకొన్న తీరు నాకు తోచినంతవర కిది: లక్ష్యమును గూర్చిన ప్రశ్నను వారు సత్రపు గుమ్మము కడ చెప్పులతోపాటు విడిచిపెట్టి, తమ ప్రక్కన కూలినవారి ఋణము తీర్చితిమా లేదా యను ప్రశ్న నొక్కదానినే లోనికి గొనిపోయిరి. తాము కూల్చినవారికి ఆ గదిలో చోటు లేకపోయెను. చోటు కల్పింపబూనినవారు కొలదిమంది కలరు. అందుకు ప్రతిగా వారు తమ చోటును పోగొట్టుకొనిరి.

ఈ మనుష్యులు ఎట్టి సేననుండి వచ్చిరో కొంచెము చెప్పవలెను. సేనలో చేరుమను ఆజ్ఞ ఎర్రకాగితముపై వచ్చెడిది. తపాలాకార్డు వెల ఒక సెన్ను ఐదు రిన్నులు, మీ వెలయు నంతే, గుర్రమునకైన వెల యెక్కువ, అని బారకాసులలో పైవారు రంగరూట్లను ఎత్తిపొడుచుట పరిపాటి. నిజమునకు ఆ కాగితము తపాలాలో వచ్చునది కాదు, గ్రామకచేరి గుమాస్తా ఇంటికి తెచ్చి చేతి కిచ్చునది; ఐనను ఎత్తిపొడుపు నిలిచిపోయెను. పాత సిపాయి క్రొత్త సిపాయిని చెంపదెబ్బలతో, చెప్పుదెబ్బలతో తీర్చిదిద్దుట అచట శిక్షణలో భాగము. 1941 జనవరిలో యుద్ధమంత్రి తోజో పేర వెలువడిన సైనిక ధర్మసూత్రములు బ్రదికియుండి శత్రువునకు చెరపడుట అవమానమని విధించినవి. తరువాతి కాలమున చిత్రకథల రచయితగా దేశప్రసిద్ధుడైన మిజుకి షిగేరు, తన దళము న్యూబ్రిటన్ ద్వీపమున నాశనము కాగా తా నొక్కడే బయటపడి శిబిరము చేరినప్పుడు, నీ వేల చావక వచ్చితివని అధికారులచే చీవాట్లు తినెను. ఆ మీదట బాంబుదాడిలో ఆతడు ఎడమచేయి పోగొట్టుకొనెను.

1945 ఆగస్టు 15న చక్రవర్తి కంఠస్వరము రేడియోలో వినబడిన నాటికి సముద్రముల కావల 30 లక్షలకు పైబడిన జపాను సైనికు లుండిరి. వారు ఓడలెక్కి స్వదేశపు రేవులకు తిరిగివచ్చునప్పటికి ఊళ్లు బూడిదకుప్పలై యుండెను, అన్నము లేదు, సైనికుడనిన గౌరవమును లేదు. నాలుగేండ్ల క్రిందట జెండాలూపి సాగనంపిన వీథులే ఇప్పుడు మొగము త్రిప్పుకొనెను. ఆక్రమణాధికారుల ఆజ్ఞచే 1946 ఫిబ్రవరిలో సైనికుల పింఛనులు, తీవ్రముగా అంగవికలులైనవారివి తప్ప, రద్దయ్యెను. తెల్లని ఆసుపత్రి అంగరకా తొడిగి, కొయ్యకాలితోనో ఇనుపకొక్కెపు చేతితోనో, రైల్వేస్టేషనుల ముందట, జాతరలలో అకార్డియన్ వాయించుచు యాచించు క్షతగాత్రులు ఆ తరమువారి కందరికిని జ్ఞాపకమే. 1953లో స్వతంత్ర ప్రభుత్వము పింఛనులను పునరుద్ధరించినప్పుడు పూర్వపు అంతరములు కూడ వానితోపాటు తిరిగివచ్చినవి. జనరలునకు జనరలు పింఛను, సిపాయికి సిపాయి పింఛను, ఆ సిపాయి కదియు సర్వీసు చాలినప్పుడే. ఐతే అదే సేనలో అదే రక్తము చిందించిన కొరియావారు, తైవానువారు ఆ నడుమనే జపాను పౌరసత్వమును కోల్పోవుటచే దమ్మిడీకి నోచుకొనలేదు. ఓషిమా నగిసా 1963లో టెలివిజనుకొరకు తీసిన ఒక చిత్రము, వీథులలో యాచించు ఆ తెల్లయంగరకాలవారిలో కొరియనులు కలరని చూపి ప్రేక్షకులను నివ్వెరపరచెను.

సహయోధ సంఘముల మనస్సు తెలియవలెనన్న ఇంఫాలు దండయాత్ర ననుసరించి చూడవలెను. 1944 మార్చిలో మూడు డివిజనులు చింద్విన్ నదిని దాటి మనదేశపు తూర్పు పర్వతములలో ప్రవేశించినవి. సేనాపతి ముతగుచి రెన్యా వారికి కట్టబెట్టినది మూడు వారముల తిండి. ఆపై శత్రువు గిడ్డంగులు పట్టుకొని తినవలెనని సంకల్పము. మాంసమునకును మోతకును పనికివచ్చునని వేలకొలది పశువులను తోలుకొనిపొండని ఆజ్ఞ. ఆ పశువులలో అనేకములు చింద్విన్ ప్రవాహములోనే కొట్టుకొనిపోయెను. తక్కినవి కొండ లెక్కలేక చచ్చెను. ఇంఫాలు పడలేదు, కోహిమా పూర్తిగా చిక్కలేదు, వానలు దిగెను. కోహిమా యెదుటనున్న 31వ డివిజను నాయకుడు సాతో కోతోకు, అన్నమును గుండ్లును పంపుడని ఎంత మొరపెట్టినను ఫలితము లేకుండుటచే, మే నెల చివర ఆజ్ఞను ధిక్కరించి తనవారిని వెనుకకు నడిపించెను. జపాను సేనలో ఆ పదవి గలవా డట్లు చేయుట కనివిని యెరుగనిది. విచారణ జరిగినచో పైవారి బండారము బయటపడునని, ఆతని చిత్తము స్వస్థముగా లేదని నిర్ణయించి విషయమును కప్పిపుచ్చిరి. జూలైలో దండయాత్ర ఆగునప్పటికి సుమారు 30 వేలమంది మరణించియుండిరి. ఆకలిచే, అతిసారముచే, మలేరియాచే బురదదారిపై పడి కుళ్లినవారే అందు మెండు. ఆ దారికి వారే ఎముకల బాట యని పేరు పెట్టుకొనిరి.

ఇక యుద్ధానంతరము ఆ సేనాపతు లిరువురిని వారి సైనికులు చూచిన చూపు గమనింపదగినది. షికోకు ద్వీపమందలి తకమత్సులో సాతో జ్ఞాపకార్థము బ్రదికి వచ్చినవారు శిలాస్తంభము నెత్తిరి. ముతగుచి యన్ననో, వారికి మంట. ఆతడును మొదట కొన్నియేండ్లు తల వంచుకొని యుండెను గాని, 1962లో ఒక ఆంగ్లేయ అధికారి యాతని ప్రణాళికను కొంత మెచ్చుచు ఉత్తరము వ్రాయుటతో ప్రాణము లేచివచ్చి, ఓటమికి క్రిందివారే కారణమని ఉపన్యసింప నారంభించెను. 1966లో ఆతడు మరణించినప్పుడు, ఆతని కోరికపై, అంత్యక్రియలకు వచ్చినవారికి తన నిర్దోషిత్వమును వాదించు కరపత్రములు పంచిపెట్టబడెను! ఇంతటి దీక్ష ధాన్యము సరఫరా చేయుటలో చూపియుండిన కొన్నివేల ప్రాణములు దక్కియుండెడివి. సైనికుల న్యాయస్థానము ఈ విషయమున స్పష్టమైనది: మాకు కూడు పెట్టినవా డెవడు, మమ్ము వృథాగా చంపినవా డెవడు? ఆ పరిధిలో వారి తీర్పు నిష్పక్షపాతమైనది, అధికారులయెడ నిర్దయమైనది.

ఈ యాకలి కథకు శాస్త్రీయమైన రూప మిచ్చినవాడును ఒక మాజీ సైనికుడే. ఫుజివారా అకిరా చైనాలో కంపెనీ కమాండరుగా పనిచేసి, తిరిగివచ్చి చరిత్రకారుడై, తన జీవితపు చివరి దినములలో, 2001లో, మరణించిన 23 లక్షల సైనికులలో సగమునకు మించి ఆకలిచేతను, దానివలన కలిగిన రోగములచేతను చచ్చినవారేయని లెక్కకట్టి చూపెను. వీరమరణమను మాట కడుపునిండని పటాలమున కెంతవరకు చెల్లునో పాఠకులే ఊహింపగలరు. ఐతే ఇందే ఒక మెలిక యున్నది. ఆకలి నిజము, అన్యాయము నిజము. కాని ఆకలిగొన్న సేన ఊళ్లపై పడి తిండి లాగికొన్నదనుటయు నిజమే. రెండవ సగమును చెప్పక మొదటి సగమును మాత్రమే చెప్పినచో సైనికుడు కేవలము బాధితుడుగా మిగులును. సహయోధ సంఘములు ప్రకటించుకొన్న రెజిమెంటు చరిత్రలలో అనేకములు మంచి కాగితముపై, చక్కని పటములతో, మృతుల పూర్తి పట్టికతో అచ్చై, ఈ మొదటి సగమును అత్యంత శ్రద్ధతో భద్రపరచినవి.

రెండవ సగమును చెప్పినవారు ఒక వింత కర్మాగారమునుండి వెలువడిరి. 1950 జూలైలో సోవియటు ప్రభుత్వము తన చెరలోనున్న 969 మంది జపానీయులను చైనాకు అప్పగించెను. మంచూరియాలోని ఫూషున్ కారాగారమున వారి నుంచిరి. అది పూర్వము జపానువారే కట్టించినది. ఇక ఉరి తప్పదని అనుకొన్నవారికి తెల్లని వరియన్నము, మాంసము వడ్డింపబడెను. కావలివాండ్రు, వారిలో పలువురు జపాను సేనచే అయినవారిని పోగొట్టుకొన్నవారు, జొన్నకూడు తినుచు, ఖైదీలపై చేయెత్తరాదను చౌ ఎన్ లై ఆజ్ఞకు కట్టుబడి, పండ్లు కొరుకుకొని సేవచేసిరి. దెబ్బ తినుట, దెబ్బ కొట్టుట మాత్రమే యెరిగిన సైనికులకు ఇది అర్థము కాలేదు. క్రమముగా వ్రాయుడని కాగితము లిచ్చిరి; వ్రాసినది చాలదని మరల వ్రాయించిరి; ఒకడు వ్రాసినది పదిమంది వినిరి. ఆరేండ్లు గడచిన పిమ్మట, 1956లో, ఫూషున్‌లోను, అట్టిదే యైన తాయియువాన్ కారాగారములోను ఉన్నవారిలో 45 మందిని మాత్రము విచారించి శిక్షించి, తక్కిన వేయిమందికి పైగా విడిచిపుచ్చిరి. ఒక్కనికిని మరణశిక్ష వేయలేదు.

వారిలో తొమినాగా షోజో యను నతని వృత్తాంతము నొకదానిని దగ్గరగా చూతము. విశ్వవిద్యాలయపు చదువు ముగించి 1941లో మధ్యచైనాలోని 232వ రెజిమెంటునకు అధికారి అభ్యర్థిగా చేరిన ఈతడు, మొదటి దినమున తనకు అప్పగింపబడిన సిపాయీల కన్నులు చూచి జంకెను. అవి మనుష్యుల కన్నులు కావు, మృగముల కన్నులని యాతనికి తోచెను. శిక్షణాంతమున అభ్యర్థులను ఒక గుంట యొద్దకు తీసికొనిపోయి, బక్కచిక్కిన ఖైదీలను మోకాళ్లపై కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిని ఒక్కొక్క తల నరుకుమనిరి. పటాలపు నాయకుడు చూచుచుండగా, తడబడిన పరువు పోవునను భయమే తప్ప మరియొక భావము లేక, తన వంతు రాగానే ఆతడు కత్తి నెత్తి వేసెను. ఆ సాయంకాలము సిపాయీల యెదుట నిలువబడినప్పుడు వారి కన్నులు మృగముల కన్నులుగా కనబడలేదు. తనవియు నట్లే మారెనని ఆతడు గ్రహించుటకు ఫూషున్ వరకు పోవలసివచ్చెను. అటుపిమ్మట క్రొత్త సిపాయీలచే సజీవులైన మనుష్యులను బాయినెట్టుతో పొడిపించు శిక్షణ తానే యిచ్చితినని కూడ దాపరికము లేక చెప్పెను. ఈ వృత్తాంతమున ‘ఆజ్ఞాపించిరి, చేసితిని’ అను మాట లేకపోలేదు. కాని ఆతడు దానితో ఆగక, ఆజ్ఞ నిచ్చినవారికి దోష మంటిన, చేసిన చేతికిని అంటునని పట్టుబట్టెను. చైనానుండి తిరిగివచ్చినవారు 1957లో చూకిరెన్ అను సంఘము నెలకొల్పుకొని, తమ దుష్కృత్యములను తామే వివరించు గ్రంథము నొకటి ప్రకటించిరి. అది చేతులు మారి వేగముగా అమ్ముడుపోయెను. బెదరింపులు రాగా ప్రచురణకర్త వెనుకకు తగ్గెను. వీరి బుద్ధిని కమ్యూనిస్టులు కడిగివేసిరను అపవాదు మాత్రము జీవితాంతము వెన్నంటినది. ఉద్యోగము వెదకికొనబోయిన పలువురి వెనుక పోలీసులు నడచిరి.

అపవాదుకంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేయునది యువాసా కెన్ అను వైద్యుని అనుభవము. షాన్సీ రాష్ట్రపు సైనిక ఆసుపత్రిలో, శస్త్రచికిత్సాభ్యాసముకొరకు, ప్రాణముతోనున్న చైనీయులను కోసినవారిలో తానొకడనని ఆతడు పేరుతో సహా ఒప్పుకొనెను. 1956లో ఇంటికి తిరిగివచ్చినప్పుడు, పాత ఆసుపత్రి సహచరులు స్వాగతవిందు చేసి, నిన్ను యుద్ధాపరాధియని ఏల పట్టుకొనిరని అమాయకముగా అడిగిరి. మన మందరము చేసినదానికే యని ఆతడు బదులు చెప్పగా వారికి జ్ఞాపకమునకు రాలేదు. వారు నటించినవారు కారు, నిజముగా మరచినవారు. నెత్తురు చిందిన గదిలోనున్న వైద్యుడు, దాది, పరిచారకుడు పదునాలుగేండ్లలో ఆ గదినే మరచిపోగలరనునది ఏ యుద్ధచరిత్రలోను తగినంతగా వ్రాయబడలేదు.

ఐతే జ్ఞాపకము చెరలో మాత్రమే మేల్కొనునని తలపరాదు. కైకోషా యను సంస్థ మేజి యుగమున పుట్టిన సైన్యాధికారుల సంఘము. యుద్ధానంతరమున మూతపడి, మరల తెరువబడినది. అభిమానమునకు, సంప్రదాయమునకు పెట్టినది పేరు. 1937-38లో నాన్‌కింగ్ పట్టణమున సామూహిక హత్యలు జరుగలేదని నిరూపింపదలచి, 1984లో ఆ సంఘము తన పత్రికలో, ఆ యుద్ధమున పాల్గొన్న అధికారులను సాక్ష్యములు పంపుడని కోరెను. ఉత్తరములు వచ్చెను. చూడలేదనినవా రుండిరి, కాని చూచితిమనినవారును, చంపించితిమనినవారును తక్కువ లేరు. సంపాదకవర్గమువా రిట్టివానిని బుట్టదాఖలు చేసియుండవచ్చును. వా రట్లు చేయక వరుసగా అచ్చువేసిరి. 1985 మార్చి సంచికలో, తానును పాత సైన్యాధికారియే యైన కతోగావా కోతారో, ఇది సమర్థింప శక్యము కానిదని, చైనా ప్రజలకు క్షమాపణ చెప్పుకొనుట తప్ప మార్గము లేదని వ్రాసెను. సభ్యులలో పెద్ద దుమారము లేచినది. తన పక్షమున సాక్ష్యము సేకరింపబోయి, ప్రతికూలముగా వచ్చినదానిని యథాతథముగా ముద్రించుట ఎంతటి పండితసభలోనైన అరుదు. సైనికులు దానిని చేసిరి. సిపాయి యంతస్తున ఈ పని మరింత కష్టమైనది. క్యోతో ప్రాంతపు అజుమా షిరో 1987లో తన నాన్‌కింగ్ దినచర్యను ప్రకటింపగా, ఒకనాటి పైవాడు పరువునష్టపు దావా వేసెను. 2000లో అత్యున్నత న్యాయస్థానము వరకు నడచి అజుమా ఓడిపోయెను.

దేశము తాను చూడగోరిన సైనికుని 1974లో ఫిలిప్పీనులందలి లుబాంగ్ ద్వీపమున కనుగొనెను. ఒనోదా హిరో యుద్ధము ముగిసెనని నమ్మక 29 సంవత్సరములు అడవిలో నిలిచి, పుస్తకముల వ్యాపారము చేసికొనుచుండిన తన పూర్వపు మేజరు స్వయముగా వచ్చి ఆజ్ఞ చదివిన తరువాతనే తుపాకి దించెను. టోకియోలో జనము వెల్లువవలె వచ్చిరి. ఆ యేండ్లలో ఆతని దళముచే చంపబడిన సుమారు ముప్పదిమంది ద్వీపవాసుల పేర్లు ఆ జనములో ఎవరికిని తెలియవు. అదే సంవత్సరాంతమున మోరోతాయి ద్వీపమున మరియొకడు దొరికెను. ఆతడు తైవాను ఆదిమజాతివాడు, జపాను సేన యాతనికి నకమురా యని పేరు పెట్టెను. ఒనోదావలెనే ఆతడును ఏండ్లకొలది అడవిలో నిలిచినవాడు. ప్రభుత్వము లెక్కకట్టిన జీతపు బకాయి 68 వేల యెన్లు, పింఛను లేదు. పత్రికలు గోల చేసిన మీదట చందాలు పోగైనవి.

తెలుగువారికి ఈ కథ దూరపుది కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడ రేవులపై బాంబులు వేసినది ఈ సామ్రాజ్యపు విమానములే. ఆ వేసవిలో రంగూను విడిచి కొండలు కాలినడకను దాటిన కాందిశీకులలో మనవా రెందరో కలరు. అంతకంటె ఘోరమైనది సయాం-బర్మా రైలుమార్గము. మలయా తోటలనుండి ఆశ చూపియు, పట్టుకొనియు తీసికొనిపోబడిన తమిళులు, తెలుగులు ఆ 415 కిలోమీటర్ల దారి పొడవున కలరాచే, ఆకలిచే రాలిపోయిరి. అచట మరణించిన తెల్లజాతి యుద్ధఖైదీలు సుమారు 12 వేలు. ఆసియా కూలీల మరణములు అంతకు అనేక రెట్లు. ఖైదీలకు పేర్లు చెక్కిన సమాధులున్నవి, కూలీలకు పట్టికయే లేదు. ఆ దారిపై సైనిక పోలీసులకు దుబాషిగా నుండిన నగసె తకషి యుద్ధము ముగియగనే మిత్రరాజ్యములవారు సమాధులు వెదకునప్పుడు వెంట నుండి, ఆ దృశ్యముచే కలతపడి, తరువాత నూరుమార్లకు మించి థాయిలాండు పోయి, 1986లో ఆ రైలుమార్గపు వంతెన చెంత ఒక ఆలయము కట్టించెను. తాను దగ్గరుండి ప్రశ్నించిన లోమాక్స్ అను స్కాట్లండు దేశీయునితో 1993లో ఆతని సమాగమము లోకప్రసిద్ధమైనది. కోహిమాలో 31వ డివిజనునకు సరఫరా అధికారిగా నుండిన హిరకుబో మసావో లండనున స్థిరపడి, బర్మాలో తమతో పోరిన ఆంగ్ల సైనికులతో స్నేహసంఘము నడిపెను. సైనికుడు సైనికునితో చేయి కలుపుట, ఎంత కాలము పట్టినను, సాధ్యమే యగుచున్నది. ఇంఫాలు కొండలలో ఇల్లు కాలిన నాగా గృహస్థునకుగాని, పట్టాల ప్రక్క పూడ్చబడిన తోటకూలీ బిడ్డలకుగాని అట్టి సభ యెవరును పిలువలేదు.

1990 తరువాత సభ్యుల వృద్ధాప్యముచే సహయోధ సంఘములు ఒక్కొక్కటిగా కొడిగట్టినవి. మృతుల పేర్లు చదువువాడు లేక కొన్నియు, కొండసత్రముల మెట్లెక్కలేక కొన్నియు మూతపడినవి. చూకిరెన్ 2002లో తన్ను తాను రద్దుచేసికొని కాగితములను యువకుల కప్పగించెను. వారు 2006లో సైతామా రాష్ట్రపు కవాగోయెలో ఒక గిడ్డంగిని బాగుచేసి వానిని జనులకు తెరచియుంచిరి. సంఘములు ప్రకటించిన రెజిమెంటు చరిత్రలు టోకియోలో యాసుకుని ఆలయమున కనుబంధమైన గ్రంథాలయములో బీరువాలు నిండియున్నవి. ఏ యొక్క పటాలము చరిత్రనైన పూర్తిగా వ్రాయబూనినవాడు ఉదయము యాసుకునిలోను, మధ్యాహ్నము రైలెక్కి కవాగోయెలోను కూర్చుండవలసియుండును. రెండింటికిని నడుమ ప్రయాణము సుమారు ఒక గంట.